వెనక సీట్లో బరువు

గాలి ఉత్తరం నుంచి వీచిన రోజుల్లో సౌదీలోని అల్ ఖోబర్‌లో మధ్యాహ్నమే వీధి దీపాలు వెలిగేవి. యుద్ధం ముగిసినా కువైట్‌లో చమురు బావులు ఇంకా మండుతూనే ఉన్నాయి. ఆ పొగ సముద్రం ఒడ్డునే నడిచొచ్చి ఊరి మీద కూర్చునేది. సూర్యుడు అరిగిపోయిన రాగి పైసాలా ఉండేవాడు. కళ్ళు చికిలించకుండానే అతనికేసి చూడొచ్చు.

ఆ శుక్రవారం కూరగాయలు కొనుక్కుని వస్తుండగా సముద్రం పక్కనే పోయే కార్నిష్ రోడ్డు మలుపులో ఎర్ర దీపం పడింది. అమ్మిరాజు బ్రేకు తొక్కాడు. కారు నెమ్మదించి ఇంక ఆగుతుందనగా, వెనక సీట్లో కూర్చున్న శేషారత్నానికి తన కింద ఎవరో "ఊఁ" అన్నట్టు వినిపించింది.

పెద్ద శబ్దం కాదు. కీచుమనలేదు, గీరుకున్నట్టూ లేదు. కథ చెబుతుంటే చీకట్లో పడుకుని వినేవాళ్ళు ఊ కొడతారే, అలా ఉంది. కొంచెం బొంగురుగా, తొందర లేకుండా మొదలై కారుతోపాటే ఆగిపోయింది.

"ఏవండీ, విన్నారా?"

అమ్మిరాజు తల తిప్పలేదు. అతని కళ్ళు అప్పటికే ఎదుటి చిన్న అద్దంలోంచి ఆమెకేసి చూస్తున్నాయి.

"ఏంటి?"

"బ్రేకు వేసినప్పుడు. వెనక్కాల ఏదో మూలిగింది."

"లేదే. నాకేం వినబడలేదు. మొన్ననేగా మెకానిక్ దస్తగిరి వెనక బ్రేకులు రెండూ కొత్తవి వేశాడు. పాతవి ఉన్నప్పుడు మూలగని బండి ఇప్పుడెందుకు మూలుగుతుంది?"

అది వాళ్ళ పెళ్ళికన్నా పాత కారు. గంధం రంగు ఫ్రెంచి బండి, వెనక కిటికీలకి గళ్ళ పరదాలు. మొదట్లో రత్నం ముందు సీట్లోనే కూర్చునేది. జనవరిలో క్షిపణులు పడడం మొదలయ్యాక, ముందు అద్దం పగిలితే ముక్కలన్నీ మొహాన పడతాయని అమ్మిరాజు ఆమెని వెనక్కి మార్చాడు. క్షిపణులు ఆగి చాలా కాలమైంది. ఆమె వెనకే ఉండిపోయింది.

తరవాతి సిగ్నల్ దగ్గర ఆమె సంచీ పక్కన పెట్టి అరచేయి సీటు మీద ఆనించింది. బ్రేకు పడింది. మొదట అరచేతికి తెలిసింది, సన్నని వణుకు, నిద్రపోతున్న పిల్లి వీపులా. ఆ వెంటనే చెవికి.

"ఊఁ."

"ఇదిగో, ఇప్పుడు."

అద్దంలో అతని కళ్ళు ఈసారీ ఆమె నోరెత్తకముందే లేచి ఉన్నాయి.

"నిద్ర సరిపోవట్లేదు నీకు," అన్నాడు.

మర్నాడు కంపెనీ బస్సు దిగి, కారు తీసుకుని థుక్బా పేటలో దస్తగిరి షెడ్డుకి వెళ్ళొచ్చానని చెప్పాడు. బూట్లు విప్పుతూ చెప్పాడు, ఆమె మొహం చూడకుండా.

"ఊరంతా తిప్పి చూశాడు. ఏమీ లేదన్నాడు."

"నేను లేకుండా తిప్పితే ఏం తెలుస్తుందండీ? అది నేను కూర్చున్న చోట వస్తోంది."

"మరేం చెయ్యమంటావు? దస్తగిరి నిన్ను ఎక్కించుకుని తిప్పాలా? పరాయి మగాడి కారులో నువ్వు కనబడితే మొదటి మలుపులోనే పోలీసులు ఇద్దర్నీ దింపి లోపలేస్తారు. అప్పుడు నిజంగానే మూలుగుతారు, చెరో గదిలో."

తన జోకుకి తనే నవ్వాడు. రత్నం నవ్వలేదు. అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఈ ఊళ్ళో ఆడదానికి వినిపించింది మెకానిక్కు దాకా వెళ్ళాలంటే మగాడి నోటి మీదుగానే వెళ్ళాలి. దారిలో ఎంత జారిపోతుందో చూసేవాళ్ళు లేరు.

అన్నం తింటూ అసలు మాట ఎత్తాడు.

"క్లినిక్‌లో డాక్టరుగారిని అడిగాను. సైరన్లు విన్న చెవులు కొన్నాళ్ళు అలాగే ఉంటాయన్నారు. చోటు మారాలిట. మందూబ్‌తో కూడా మాట్లాడాను."

మందూబ్ అంటే కంపెనీ తరఫున వీసాల పనులు చూసే మనిషి. రత్నం చారు గిన్నె కింద పెట్టింది.

"దేనికి?"

"ఫైనల్ ఎగ్జిట్‌కి. పూర్తిగా ఊరికి వెళ్ళిపోవడానికి. నీకొక్కదానికే. నేను మెల్లిగా వెనకాల వస్తాను."

"స్కూల్లో చేరతానని మాటిచ్చాను. హెడ్‌మిస్ట్రెస్ గారు ఫిజిక్సు నాకోసం అట్టేపెట్టారు. పిల్లలు తిరిగొస్తున్నారు, చెప్పేవాళ్ళు లేరు. వచ్చే వారం రమ్మన్నారు."

"లేని శబ్దాలు వినే మనిషి పిల్లలకి ధ్వని పాఠం ఏం చెబుతుంది, రత్నం?"

కోపంగా అన్లేదు. మెత్తగా, జాలిగా అన్నాడు. ఆ జాలే ఆమెకి ముద్ద దిగకుండా చేసింది.

*

మర్నాడు అతను కంపెనీ బస్సులో వెళ్ళిపోయాక ఆమె ఇల్లు తుడవడం మొదలుపెట్టింది. కిటికీలు మూసే ఉన్నా పొగమసి ఎక్కడినుంచో లోపలికి వస్తోంది. బోర్లించిన గిన్నెల అడుగున, దేవుడి పటం అంచున, చక్కెర డబ్బా మూత మీద నల్లగా, జిడ్డుగా. తుడిచిన గుడ్డ పిండితే నీళ్ళు సిరాలా దిగాయి. కిటికీ అద్దాలకి జనవరిలో అంటించిన టేపు పీకేసినా జిగురు గీతలు పోలేదు. మసి ఆ గీతల మీదే ఎక్కువగా పేరుకుని అద్దాలన్నిటి మీదా నల్లటి ఇంటూ గుర్తులు తేలాయి.

"ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాను?" అని తనలో తను అనుకుంది, పైకే.

"ఊఁ."

చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. వంటింట్లో ఎవరూ లేరు. పది గంటలైనా దాటలేదు, బయట సంజె చీకటిలా ఉంది. ఆమె కదలకుండా నిలబడింది. చాలాసేపటికి పడగ్గదిలో ఏసీ మళ్ళీ మొదలైంది, కొంతసేపు తిరిగి ఆగిపోయింది. ఆగేముందు మూలిగింది. ఇందాకటిది అదే.

కానీ కారులోది కూడా అదేనా? ఏసీ మూలుగు చెవిలో పట్టుకెళ్ళి కారులో వింటోందా? ఉన్నదీ లేనిదీ కలిసిపోవడం ఇలాగే మొదలవుతుందా? స్టూలు లాక్కుని కూర్చుంది.

రంజాన్ నెలలో పక్కింటివాళ్ళు పంపిన విమ్టో షర్బత్ సీసా ఖాళీదొకటి సింకు కింద ఉంది. దాన్ని చూస్తూ చూస్తూ ఉండగా ఆమెకి కాలేజీ ల్యాబు గుర్తొచ్చింది. సీసా కడిగి, మూతికి కింది పెదవి ఆనించి ఊదింది. లోతుగా పలికింది. చెంచాడు నీళ్ళు పోసి మళ్ళీ ఊదింది. శబ్దం కాస్త పైకి లేచింది. ఇంకో చెంచాడు. నీళ్ళు పెరిగేకొద్దీ సీసా గొంతు సన్నబడుతోంది. ఏసీ ఆగినప్పుడల్లా పరుగెత్తి వెళ్ళి విని, వచ్చి ఊది, రెండూ ఒకటయ్యేదాకా పోసింది. ఆ మట్టానికి టేపు ముక్క అంటించింది.

ఇంక కారుది పట్టాలి. కారులో సీసా ఊదడానికి లేదు, అతను వింటాడు. అందుకని సాయంత్రం రొట్టెలకని తీసుకెళ్ళమంది. తిరిగొచ్చి ఇంటి ముందు కారు ఆపినప్పుడు "ఊఁ" అంది అది, ఎప్పట్లాగే. ఆమె వెంటనే ఆ శ్రుతి గొంతులోకి తీసుకుని, నోరు మూసుకుని, అదే రాగం పట్టుకుని దిగింది. వాచ్‌మన్ దిలావర్ ఖాన్ లేచి నిలబడి "సలాం మేడం, సబ్ ఠీక్?" అన్నాడు. నోరు తెరిస్తే పోతుంది. తలూపి, ఊఁఊఁ అనుకుంటూనే మెట్లెక్కేసింది. వెనక దిలావర్, అమ్మిరాజుతో మెల్లిగా ఏదో అడగడం వినిపించింది. అమ్మిరాజు మెల్లిగా ఏదో చెప్పాడు.

వంటింటి తలుపు వేసుకుని సీసా ఊదింది. టేపు దగ్గర కలవలేదు. నీళ్ళు పారబోసి, పారబోసి, కిందకి దింపితే అప్పుడు కలిసింది. ఏసీ వేరు, ఇది వేరు. ఇంకో టేపు ముక్క అంటించింది.

ఆ తరవాత ఎప్పుడు కారెక్కినా అలాగే శ్రుతి మోసుకొచ్చి చూసింది. ప్రతిసారీ కింది టేపు దగ్గరే. బుర్రలో పుట్టేదైతే రోజుకో రకంగా పలకదా అని తనకి తాను చెప్పుకుంది. ఆ వాదంలో లొసుగు ఉందనీ ఆమెకి తెలుసు. భయం కూడా ఒకే శ్రుతిలో పలకొచ్చు. ఇంకో చెవి కావాలి. ఈలోగా అమ్మిరాజు ఆమె పెట్టె అటక మీంచి దింపి, దుమ్ము దులిపి, మంచం పక్కన పెట్టాడు.

*

దస్తగిరి షెడ్డు నంబరు గోడ మీద క్యాలెండర్ అడుగునే ఉంది. పరాయి మగాడికి తను ఫోన్ చెయ్యడం ఈ దేశం వచ్చాక అదే మొదలు. రిసీవర్ ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది.

"ఎవురూ?" అవతల సుత్తి దెబ్బల మధ్య నుంచి అరుపు.

"అమ్మిరాజుగారి ఇంటినుంచండీ. పాత ఫ్రెంచి కారు."

"ఆఁ, గందం రంగు బండి. సెప్పండమ్మా." గొంతు వెంటనే తగ్గింది. దస్తగిరిది కడప వైపు. తెలుగు ఇల్లు అంటే గొంతు దానంతటదే తగ్గుతుంది.

"బ్రేకు వేస్తే శబ్దం వస్తోంది."

"ఎట్లాంటి శబ్దమమ్మా? కీసుమంటాదా, గర్రుమంటాదా?"

"చెప్పడం రావట్లేదు. వినిపిస్తాను, ఉండండి."

రిసీవర్ గట్టు మీద పెట్టి, సీసాలో నీళ్ళు కింది టేపుకి సరిచూసి, నిండుగా ఊదింది. రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఏ మాటా లేదు. ఏ వెర్రిదో సీసాలు ఊదుతోందని పెట్టేశాడేమో అనుకుంది.

"ఒరే, ఆ సుత్తి నిలపండ్రా!" అని వినిపించింది. "ఇంగోసారి ఊదండమ్మా."

మళ్ళీ ఊదింది.

"అదేనమ్మా. తూ సా తప్పకుండా అదే. యెనక కుడి చక్రం. నేను ఇన్నా గదా."

రత్నం గోడకి ఆనుకుంది.

"మీరు విన్నారా?"

"ఇన్నాను. నేనొక్కన్నే నడిపితే ఏమీ రాల్యా. సార్‌ను నడపమని నేను యెనక ఎక్కినా. అప్పుడు వొచ్చింది. ఆ బండి తీరే అంత. యెనక మనిషి కూసుంటే ఇరుసుమీదుండే మీట కదిలి యెనక బ్రేకులకు గట్టిగా ఒత్తిడి పంపిస్తాది. మనిషి లేకుంటే అయ్యి సగం నిద్రలో ఉంటాయి. సార్ కూడా ఇన్న్యాడు. అదిగో అని ఆయప్పే సెప్పినాడు నాకంటే ముందు."

"ఏమీ లేదని మీరు అన్నారట కదండీ."

అవతల ఏదో ఇనప సామాను కింద పెట్టిన చప్పుడైంది.

"నేనా? లేదమ్మా. ఒక పూట పని, బండి ఇడిసి పోండి అన్నా. సారే వొద్దన్నాడు. మేడం ఊరికి పోతాండాది, ఇంగ యెనక కూసునేవాళ్ళే ఉండరు, ఉండనీలే అన్నాడు." కాస్త ఆగి, "సెప్పకూడనిది సెప్పినానా అమ్మా?" అన్నాడు.

"లేదు. చెప్పాల్సిందే చెప్పారు."

ఆమె కిటికీ వైపు చూసింది. నల్లటి ఇంటూ గుర్తుల వెనక మధ్యాహ్నం చీకటిగా ఉంది. ఇన్నాళ్ళూ కారు కింద ఏదో ఉందని భయపడింది. కింద ఉన్నది ఇనప ముక్క. అది మూలిగిన ప్రతిసారీ, తను నోరెత్తకముందే, అద్దంలోకి లేచిన కళ్ళు ఆమెకిప్పుడు ఒక్కొక్కటిగా కనిపించాయి. విన్నవాడు కాబట్టే చూశాడు. తను విందో లేదో చూసుకునేవాడు. తరవాత లేదనేవాడు. ఆ మనిషి పక్కన రోజూ పడుకుంటోంది.

చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"దస్తగిరిగారూ, కారు ఇక్కడే ఇంటి కింద ఉంది. రేపు పొద్దున ఆయన ఆఫీసుకి వెళ్ళాక వచ్చి బాగుచేస్తారా?"

"సార్‌తో ఒక మాట..."

"ఆ కారులో వెనక కూర్చునేది నేను."

దస్తగిరి మళ్ళీ సార్ మాట ఎత్తలేదు.

"వొస్తానమ్మా," అన్నాడు.

*

తాళంచెవి రుమాల్లో మూటగట్టి బాల్కనీ నుంచి తాడుతో దింపింది. దస్తగిరి దాన్ని అందుకుని పైకి చూడకుండానే సలాం చేశాడు. జాకీ ఎత్తి, చక్రం విప్పి, లోపలున్న బ్రేకు డ్రమ్ము చుట్టూ సుత్తితో మెత్తగా తట్టి ఊడదీశాడు. మసి పొడిపొడిగా రాలుతోంది. అతని తెల్ల టోపీ మీద, విప్పి వరసగా పేర్చిన స్ప్రింగుల మీద పడుతోంది. బాల్కనీలో ఆమె ముంజేతుల మీద కూడా.

దస్తగిరి లోపలి పళ్ళెం మీద బొటనవేలు నడిపించి ఒక చోట ఆగాడు. మళ్ళీ నడిపించి, మళ్ళీ అక్కడే ఆగాడు.

"గాడి పడిందమ్మా," అన్నాడు, కారుతో మాట్లాడుతున్నట్టు తల వంచుకునే, ఆమెకి వినబడేంత గట్టిగా. "పాత బ్రేకు షూ ఏండ్ల తరబడి ఆడిన సోట గాడి. కొత్తదాని అంచు దాంట్లో ఇరుక్కుని వొణుకుతాంది. ఆ వొణుకునే డ్రమ్ము పాడతాంది. ఏసేటప్పుడు నేను సూసుకోవాల్సింది. ఒక్కన్నే నడిపి, బాగుందని పంపించేసినా. షెడ్డులో అందరం అంతే. ఒక్కళ్ళమే నడుపుతాం."

ఆకురాయితో గాడి అంచులు రాసి చదును చేశాడు. కొత్త షూల చివర్లు కొద్దిగా వాలుగా అరగదీశాడు. షూ ఆనే చోట గ్రీజు అద్దాడు, కాటుక పెట్టినంత. ఎడమవైపూ అలాగే చేశాడు. అన్నీ బిగించాక నిలబడి చుట్టూ చూశాడు.

"ఖాన్ సాబ్! ఆవో. పీఛే బైఠో."

దిలావర్ ఖాన్ పొడుగాటి మనిషి. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని వెనక సీట్లో కూలబడ్డాడు.

"పరదా గిరావో, మేడం సాహిబా," అన్నాడు దస్తగిరి.

దిలావర్ గంభీరంగా పరదా లాగుకున్నాడు. రెండు మీసాలు మాత్రం కనిపించేలా చిన్న సందు వదిలాడు. కారు వీధి చివరిదాకా వెళ్ళింది, ఆగింది, తిరిగొచ్చింది, ఆగింది. ప్రతిసారీ ఆమె ఊపిరి బిగబట్టింది. టైర్ల కింద ఇసక నలిగిన చప్పుడు, అంతే.

పైన రత్నానికి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళి మొహం కడుక్కుంటే నీళ్ళు నల్లగా దిగాయి.

*

"టికెట్ సంగతి చూడాలన్నారుగా, పదండి," అంది ఆ సాయంత్రం.

అమ్మిరాజు మొహం విప్పారింది. జనవరి తరవాత ఆ మొహంలో అంత వెలుగు ఆమె చూడలేదు. తనే టీ పెట్టాడు, తనే కప్పులు కడిగాడు. కారు దగ్గరికి వచ్చాక ఆమెకి వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె కూర్చుంది.

కార్నిష్ మలుపులో ఎర్ర దీపం పడింది. అతను బ్రేకు తొక్కాడు. కారు నెమ్మదించి, ఏ చప్పుడూ లేకుండా, నీళ్ళ మీద పడవలా ఆగింది. రత్నం అరచేయి సీటు మీదే ఉంది. వణుకు లేదు.

"విన్నారా?" అంది.

ఈసారి అతని కళ్ళు అద్దంలోకి లేవలేదు. స్టీరింగ్ మీద వేళ్ళు నెమ్మదిగా ఆడిస్తూ నిట్టూర్చాడు.

"ఆఁ, విన్నాను రత్నం. నిజమే. సన్నగా మూలుగుతోంది. పాపం, నువ్వు మొదట్నించీ చెబుతూనే ఉన్నావు. నువ్వు వెళ్ళాక తీరిగ్గా చేయిస్తాలే."

అతని గొంతులో ప్రేమ ఉంది. గెలిచినవాడు ఇచ్చే చిన్న కానుకలాంటిది.

"పొద్దున దస్తగిరి వచ్చి బాగుచేసి వెళ్ళాడండీ," అంది ఆమె. "ఇప్పుడేమీ రాలేదు."

పచ్చ దీపం పడింది. వెనక కార్లు హారన్లు మోగించాయి. అమ్మిరాజు కదల్లేదు. అతని మెడ వెనక భాగం మాత్రమే ఆమెకి కనిపిస్తోంది. అక్కడ చర్మం ఎర్రబడి, మళ్ళీ తెల్లబడింది. హారన్లు పెరిగాక కారు పక్కకి తీసి ఆపాడు.

"కంపెనీ అందర్నీ పంపించేస్తున్నప్పుడు నువ్వు వెళ్ళనన్నావు," అన్నాడు. "సైరన్ మోగిన ప్రతిసారీ నీ ప్రాణం నా నెత్తి మీద ఉండేది. నువ్వు కిటికీలకి టేపులంటించిన గదిలో కూర్చుని బట్టలు కుట్టుకునేదానివి. నా కాళ్ళు వణుకుతుంటే దుప్పటి కప్పుకునేవాణ్ణి. మళ్ళీ ఏదో మొదలవుతుందంటున్నారు. ఇంకోసారి నా వల్ల కాదు రత్నం. వెళ్ళమంటే నువ్వెలాగూ వెళ్ళవు."

"భయమేస్తే భయమేసిందని చెప్పాలి. నా చెవులు పోయాయని చెబుతారా?"

అతను చేత్తో స్టీరింగ్ మీది మసి తుడిచాడు.

"నేను నా బుర్రని సీసాలో కొలుచుకున్నానండీ. రోజూ. అది పోలేదు కదా అని." ఆమె గొంతు పెంచలేదు. "టికెట్ ఆఫీసుకి వద్దు. దమ్మాం దారి పట్టండి. హెడ్‌మిస్ట్రెస్ గారింటికి వెళ్ళి శనివారం వస్తున్నానని చెప్పి వద్దాం. రేపు మందూబ్‌కి ఎగ్జిట్ వద్దని మీరు చెప్పండి."

అమ్మిరాజు కారు తిప్పాడు. దారి పొడుగునా పొగలో ఎదురుగా వచ్చే కార్ల దీపాలు పసుపుపచ్చగా, ఒకదాని వెనక ఒకటి, నిద్రలో నడుస్తున్నట్టు వచ్చి పోయాయి. దమ్మాం మొదట్లో సిగ్నల్ పడితే అతను ఎంతో ముందునుంచే, గుడ్డు మీద కాలు పెడుతున్నట్టు బ్రేకు మీద కాలు వేశాడు. కారు ఆగింది.

"ఇప్పుడు..." అన్నాడు. గొంతు సరిచేసుకున్నాడు. "ఇప్పుడు వచ్చింది కదా? లోపల్నించి, సన్నగా?"

రత్నం అరచేయి సీటు మీద పరిచి, ఊపిరి ఆపి, శ్రద్ధగా విన్నది.

"లేదండీ. ఏమీ రాలేదు."

అతను నమ్మినట్టు లేడు. పక్క అద్దం దించుకుని, మసి రాలుతున్న గాలిలోకి తల బయటికి పెట్టి, వెనక చక్రం వైపు చెవి వొగ్గి, దీపం పచ్చబడినా అలాగే వింటూ ఉండిపోయాడు.